గాంధీ రోడ్డు సందులో ఎల్ఈడీల అంగడి: రంగు చెప్పకండి, నంబరు చెప్పండి

తిరుపతిలో ఎల్ఈడీలు, లేజర్ మాడ్యూళ్లు, రెసిస్టర్ల లాంటి చిల్లర సామాను ఎక్కడ కొనాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే అంగడి. గాంధీ రోడ్డులోంచి లోపలికి తిరిగే ఒక ఇరుకు సందులో, ఒకపక్క గాజుల అంగడి, ఇంకోపక్క గడియారాలు బాగుచేసే బంకు, ఆ రెండింటి మధ్య రేడియో టీవీ స్పేర్ పార్టులు అని రంగు వెలిసిపోయిన బోర్డు. నేను చిత్తూరులో డిగ్రీ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. మా ల్యాబుకి కావలసిన ఇలాంటి సామాను ఇక్కడ్నించే తెచ్చుకుంటాం, బస్సెక్కి అంత దూరం వచ్చి మరీ. చిత్తూరులో దొరకదా అంటే దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో ఇంకా చౌకగా కూడా వస్తుంది. కానీ ఎల్ఈడీని తరంగదైర్ఘ్యం నంబరుతో, అంటే వెలుగు రంగుని నానోమీటర్లలో చెప్పే అంకెతో, అమ్మే అంగడి ఈ చుట్టుపక్కల నాకు ఇదొక్కటే కనపడింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

కౌంటరు వెనక గోడంతా చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగులు. ప్రతి సొరుగు మీద తెల్ల టేపు ముక్క, దాని మీద స్కెచ్ పెన్నుతో ఎరుపు 630, నారింజ 605, పసుపు 590, పచ్చ 525, పచ్చ 568, నీలం 465, వంగపండు 405, చివర్లో కంటికి కనపడనివి 850, 940. మా స్టూడెంట్ ఒకడు పచ్చ ఎల్ఈడీలు ఒక ఇరవై ఇవ్వండి అంటే అంగడి పెద్దాయన సొరుగు దగ్గరికి పోకుండా వాడినే అడిగాడు, "ఏ పచ్చ నాయనా? ఐదొందల ఇరవై ఐదా, ఐదొందల అరవై ఎనిమిదా? రెండూ పచ్చే, కానీ లోపల సరుకు వేరు." ఆ ఒక్క ప్రశ్నకే ఫైవ్ స్టార్ ఇచ్చేయొచ్చు. మిగతా చోట్ల పచ్చ అంటే ఏదో ఒక పచ్చ చేతిలో పెట్టి పంపించేస్తారు, ల్యాబులో రీడింగులు రాక పిల్లలు తల పట్టుకుంటారు.

సరుకు వేరు అని ఆయన అన్నది అక్షరాలా నిజం. 568 అంటే పాత కాలపు గాలియం ఫాస్ఫైడ్, స్టెబిలైజర్ల మీదా బ్యాటరీ ఎలిమినేటర్ల మీదా వెలిగే ఆ లేత ఆకు రంగు. దాని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్లు ఉండే రెండు శక్తి పట్టీల మధ్య ఖాళీ, సుమారు 2.26 ఎలక్ట్రాన్ వోల్టులు, పైగా అది ఇన్‌డైరెక్ట్ గ్యాప్, అంటే పై పట్టీలో ఉన్న ఎలక్ట్రాను కింది పట్టీలోని హోల్‌తో (ఎలక్ట్రాను లేని ఖాళీ చోటు) కలవాలంటే శక్తి వదిలితే సరిపోదు, మొమెంటం కూడా సర్దుబాటు కావాలి. అందుకని మామూలుగా దాన్నుంచి వెలుగు రావడమే కష్టం, కొంచెం నైట్రోజన్ కలిపి ఎలక్ట్రాన్లకి ఒక మధ్య మజిలీ కల్పిస్తే అప్పుడు వెలుగుతుంది, అదీ మసకగానే. 525 పూర్తిగా వేరే జాతి. గాలియం నైట్రైడ్ పొరల మధ్య ఇండియం గాలియం నైట్రైడ్ పొరలు పేర్చి చేసింది, డైరెక్ట్ గ్యాప్, అంటే ఆ మొమెంటం బెడద లేదు, కరెంటు ఇవ్వగానే కళ్లు చెదిరేలా వెలుగుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి వెలిగిస్తే ఎవరూ చెప్పక్కర్లేదు, పాతది వెలవెలపోతుంది. ఇండికేటరుకి పాతదే హాయి, కంట్లో గుచ్చుకోదు, ధర కూడా తక్కువ. ప్రాజెక్టుకి కావాలంటే 525.

కొనే ముందు వెలిగించి చూపిస్తారు, అది ఈ అంగడిలో ఇంకో మంచి అలవాటు. కౌంటరు మీద తొమ్మిది వోల్టుల బ్యాటరీ, దానికి ఒక కిలోఓం రెసిస్టరు, రెండు మొసలి క్లిప్పులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పక్కనే ఒక పాత సీడీ. ఎల్ఈడీ వెలిగించి సీడీ మీద ఏటవాలుగా చూస్తే ఆ వెలుగు రంగుల్లోకి విడిపోతుంది, ఎందుకంటే సీడీ మీద గాడికీ గాడికీ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అది మంచి గ్రేటింగ్ (దగ్గర దగ్గర గీతలతో వెలుగుని రంగులుగా విడదీసే పలక) లాగే పనిచేస్తుంది. నీలం 465 పెడితే సన్నని నీలి ముద్ద ఒకటే కనపడుతుంది. ఎర్ర ప్లాస్టిక్ టోపీ తొడిగిన తెల్ల ఎల్ఈడీని ఎరుపు అని అంటగట్టిన సరుకు ఉంటే అక్కడికక్కడే దొరికిపోతుంది, ప్లాస్టిక్ వడపోసినా వదిలేసిన పచ్చ, పసుపు చారలు పక్కన తొంగిచూస్తాయి. అసలు ఎల్ఈడీ రంగు దాని పైనున్న ప్లాస్టిక్ వల్ల రాదని, లోపలి స్ఫటికం వల్ల వస్తుందని మా పిల్లలకి క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ కౌంటరు దగ్గర క్షణంలో ఎక్కుతుంది. మీరు వెళ్తే నీళ్లలా తేటగా ఉండే డోము ఎల్ఈడీలే తీసుకోండి, రంగు ప్లాస్టిక్‌వి వద్దు.

ఇప్పుడు లోపల ఏముందో కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే రెండు మూడు రూపాయలకి మనం కొనే ఆ నీలం ఎల్ఈడీలో ఉన్నది మామూలు పనితనం కాదు.

లెక్క తేలికే. ఎలక్ట్రాను ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ దిగితే, 1240ని ఆ అంకెతో భాగించండి, నానోమీటర్లలో రంగు వస్తుంది. గాలియం ఆర్సెనైడ్ గ్యాప్ 1.42, భాగిస్తే 870 దగ్గర, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. గాలియం నైట్రైడ్ 3.4, అంటే 365 దగ్గర, అల్ట్రావయొలెట్. ఇండియం నైట్రైడ్ 0.7 దగ్గరే. మరి మధ్యలో ఉన్న నీలం 465కి కావలసిన 2.67 ఎక్కడ్నించి వస్తుంది? ఒక దారి, గాలియం నైట్రైడ్‌లో కొంచెం ఇండియం కలపడం. రెండో దారి, నాకు బాగా ఇష్టమైనది, పొర మందం మార్చడం. సుమారు మూడు నానోమీటర్ల పలచని పొరని ఎక్కువ గ్యాప్ ఉన్న రెండు పొరల మధ్య ఇరికిస్తే ఎలక్ట్రాను అందులో చిక్కుకుపోతుంది, దాన్నే క్వాంటం వెల్ అంటాం, వెల్ అంటే బావి. అక్కడ అది పట్టీ అడుగున కూర్చోలేదు, కొంచెం పైన ఒక మెట్టు మీదే నిలబడుతుంది, హోల్‌ది కూడా అదే పరిస్థితి. పొరని ఇంకా పలచన చేస్తే ఆ మెట్టు ఇంకా పైకి పోతుంది, అంటే దిగేటప్పుడు వదిలే శక్తి పెరుగుతుంది, రంగు నీలం వైపు జరుగుతుంది. వీణ మీద తీగ మోగే పొడవు తగ్గే కొద్దీ స్వరం పైకి పోతుంది కదా, అదే తీగ, పొడవు మాత్రమే మారింది. ఇక్కడా పదార్థం అదే, మందం మాత్రమే మారింది, రంగు మారిపోయింది.

ఇలాంటి పొరల్ని ఒకటి విడిచి ఒకటి వరసగా పేర్చుకుంటూ పోయి, మధ్యలో ఉన్న అడ్డుపొరల్ని కూడా రెండు నానోమీటర్ల దాకా పలచన చేస్తే ఒక బావిలోని ఎలక్ట్రాను పక్క బావిలోకి కూడా వ్యాపిస్తుంది. విడివిడి మెట్లన్నీ కలిసి సన్నటి పట్టీలవుతాయి, మినీబ్యాండ్లు. అదీ సూపర్‌లాటిస్. ప్రకృతిలో లేని బ్యాండ్ గ్యాప్‌ని మనిషి కొలత పెట్టి కుట్టుకున్నట్టే. 1970లో ఐబీఎంలో పనిచేసే లియో ఎసాకి, రాఫెల్ సూ దీన్ని కాగితం మీద ప్రతిపాదించినప్పుడు వాళ్ల ధ్యాస వెలుగు మీద లేదు, వోల్టేజి పెంచితే కరెంటు తగ్గే చిత్రమైన ప్రవర్తన కోసం చూశారు. ఎసాకికి 1973లో టన్నెలింగ్, అంటే ఎలక్ట్రాను దాటలేని అడ్డుగోడలోంచి దూరిపోవడం, మీద చేసిన పనికి నోబెల్ వచ్చింది. ఇంత పలచని పొరలు పెంచే పద్ధతి దాదాపు అప్పుడే బెల్ ల్యాబ్స్‌లో ఆల్ఫ్రెడ్ చో, జాన్ ఆర్థర్ చేతుల్లో తయారైంది, గాలి అసలు లేనంత శూన్యంలో అణువుల ధారని వదిలి, షట్టరు మూస్తూ తెరుస్తూ, సెకనుకి ఒక అణు వరస చొప్పున పెంచడం. 1974లో అక్కడే డింగిల్, వీగ్‌మన్, హెన్రీ గాలియం ఆర్సెనైడ్ పొరలు వెలుగుని పీల్చుకోవడంలో ఆ మెట్లని స్పష్టంగా చూపించారు. అక్కడ్నించి లేజర్ల దాకా దారి తెరుచుకుంది.

నీలం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. గాలియం ఆర్సెనైడ్‌కీ అల్యూమినియం కలిపిన దాని చుట్టానికీ అణువుల మధ్య దూరం దాదాపు సమానం, పొర మీద పొర చక్కగా కూర్చుంటుంది. గాలియం నైట్రైడ్‌కి ఆ సుఖం లేదు. నీలమణి పలక మీద పెంచితే రెండింటి కొలతలకీ పొంతన కుదరదు, స్ఫటికం నిండా లోపాలు వస్తాయి. జపాన్‌లో అకసాకి, అమానో నగోయాలో, నకమురా నిచియా కంపెనీలో ఏళ్ల తరబడి దాని వెంట పడి సాధించారు, 1993లో బాగా వెలిగే నీలం ఎల్ఈడీ బజారుకి వచ్చింది, 2014లో ముగ్గురికీ నోబెల్. ఇప్పుడు మన చేతిలోకొచ్చే నీలం చిప్పుల్లో చాలావాటిలో వెలుగిచ్చే బావుల కిందనే ఇండియం గాలియం నైట్రైడ్, గాలియం నైట్రైడ్ పొరలు పలచగా మార్చి మార్చి పేర్చిన సూపర్‌లాటిస్ ఒకటి ఉంటుంది. అది వెలుగు కోసం కాదు, పైనున్న బావుల మీద పడే ఒత్తిడి తగ్గించడానికి, లోపాల్ని ఆపడానికి. ఐదు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొడిపె లోపల ఇసుక రేణువంత చిప్పు, ఆ చిప్పులో ఇన్ని పొరలు. తీగ కాళ్లు పట్టుకుని భూతద్దంలో చూడండి, గిన్నెలాంటి కప్పులో ఆ చిప్పు, దాని మీద నుంచి వెంట్రుక కన్నా సన్నని బంగారు రంగు తీగ కనపడతాయి. నీలానికీ 525 పచ్చకీ ఇలాంటి తీగలు రెండుంటాయి, ఎందుకంటే నీలమణి పలక కరెంటు పారనివ్వదు, రెండు కనెక్షన్లూ పైనుంచే ఇవ్వాలి. 630 ఎరుపులో చాలావరకు ఒకటే ఉంటుంది. ఈ తేడా చూసి కూడా సరుకు ఏ జాతిదో పట్టేయొచ్చు.

మా ల్యాబులో వీటితో చేసేది ప్లాంక్ స్థిరాంకం (వెలుగు పౌనఃపున్యానికీ ఫోటాను శక్తికీ లంకె వేసే అంకె) ప్రయోగం. ఎల్ఈడీ ఎన్ని వోల్టుల దగ్గర వెలగడం మొదలుపెడుతుందో కొలిచి, తరంగదైర్ఘ్యంతో కలిపి లెక్క కట్టాలి. దీనికి అంగడి నంబరు నమ్మదగినది కాకపోతే ప్రయోగం మొత్తం పోతుంది. మేం కొన్న 630, 590, 465 సరుకుని గ్రేటింగుతో సరిచూస్తే టేపు మీది అంకెకి దగ్గర్లోనే వచ్చాయి, అక్కడక్కడా ఐదారు నానోమీటర్లు అటూ ఇటూ, ఆ ధరకి అది చాలా మంచి సరుకు. ఈ ప్రయోగం చేసే తోటి లెక్చరర్లకి ఒక మాట. 525 పచ్చని ఇరవై మిల్లీయాంపుల దగ్గర కొలవకండి. దాని ఫోటాను శక్తి 2.36 మాత్రమే, కానీ అంత కరెంటులో అది మూడు వోల్టుల దాకా అడుగుతుంది, ఎందుకంటే పొరల మధ్య అడ్డుగోడలు దాటడానికి, కాంటాక్టుల దగ్గర, కొంత వోల్టేజి ఖర్చైపోతుంది. మైక్రోయాంపుల్లో, నల్ల గొట్టంలోంచి చూస్తూ, వెలుగు కంటికి అప్పుడే తగిలే చోట కొలిస్తే సరైన దారిలోకి వస్తుంది. పుస్తకంలో 6.63 అని ఉందని అంకె సరిగ్గా అదే రావాలని పిల్లల్ని ఒత్తిడి పెట్టొద్దు, మొదలయ్యే వోల్టేజీ బ్యాండ్ గ్యాపూ ఒకటే వస్తువు కాదు, దగ్గరి బంధువులు మాత్రమే. ఆ తేడా ఎందుకొచ్చిందో రాయమనండి, నిజమైన ఫిజిక్స్ ఆ జవాబులోనే ఉంది.

నారింజ 605 గురించి విడిగా చెప్పాలి. మా జిల్లాలో పాడి ఎక్కువ, పశువుల కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం స్ట్రాలు దాచే ద్రవ నైట్రోజన్ క్యాన్లు పశువుల ఆసుపత్రుల్లో ఉంటాయి, అడిగి అనుమతి తీసుకుని కొంచెం తెచ్చుకుంటే అద్భుతమైన డెమో ఒకటి చూపించొచ్చు. వెలుగుతున్న నారింజ ఎల్ఈడీని మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ముంచగానే పొగల మధ్య అది నారింజ నుంచి పసుపుకి, పసుపు నుంచి పచ్చ ఛాయలోకి జరుగుతుంది, బయటికి తీస్తే వేడెక్కుతూ మళ్లీ నారింజకి వచ్చేస్తుంది. చల్లబడితే స్ఫటికం కుంచించుకుంటుంది, అణువుల ఊగులాట తగ్గుతుంది, బ్యాండ్ గ్యాప్ పెరుగుతుంది. గాలియం ఆర్సెనైడ్‌కైతే గది వేడిలో 1.42 ఉన్నది అక్కడ 1.51 అవుతుంది. పిల్లలు అరిచి గోల చేసే డెమో ఇది. నీలంతో చేస్తే కంటికి పెద్ద తేడా కనపడదు, అందుకని 605 కానీ 590 కానీ తీసుకోండి. నైట్రోజన్ మాత్రం టీచర్ చేతిలోనే ఉండాలి, కిటికీలు తెరిచి పెట్టాలి, క్యాను మూత బిగించకూడదు. పెద్దాయనకి ఈ సంగతి చెప్తే మరుసటి సారి కాళ్లు పొడుగ్గా ఉన్న 605లు ఏరి పక్కన పెట్టాడు, ముంచడానికి వీలుగా ఉంటుందని. అడక్కుండానే చేశాడు.

ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న, సార్, చిప్పులన్నీ సిలికాన్‌తో చేస్తారు కదా, సిలికాన్ ఎల్ఈడీ ఎందుకు లేదు? మంచి ప్రశ్న. సిలికాన్‌ది 1.12, ఇన్‌డైరెక్ట్, వెలుగివ్వదు, వేడి ఇస్తుంది. సూపర్‌లాటిస్‌తో దీన్ని దాటొచ్చని 1974లోనే గ్నూట్స్‌మన్, క్లౌసెకర్ అనే ఇద్దరు ఒక ఉపాయం చెప్పారు. సిలికాన్, జెర్మేనియం పొరల్ని కొన్ని అణు వరసల చొప్పున మార్చి మార్చి పేరిస్తే, పొరల జంట పొడవు పెరిగిన కొద్దీ మొమెంటం పటం మడతపడుతుంది, అంచు దగ్గరున్న ఎలక్ట్రాన్ల లోయ ఆ మడతతో మధ్యకి వచ్చి హోల్స్‌కి ఎదురుగా నిలుస్తుంది. కాగితం మీద ఎంతో అందమైన ఆలోచన. కానీ రెండింటి అణు దూరాల్లో నాలుగు శాతం తేడా ఉంది, పొరలు మందం పెరిగితే లోపాలొస్తాయి, వచ్చిన వెలుగు కూడా బలహీనంగానే ఉండిపోయింది. 2020లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో ఎరిక్ బాకర్స్ బృందం వేరే దారిలో పోయి, సిలికాన్ జెర్మేనియం మిశ్రమాన్ని షట్కోణ స్ఫటికంగా పెంచి వెలుగు రాబట్టింది. ఇదింకా అంగళ్లలోకి వచ్చే దశలో లేదు. వచ్చిన రోజు పెద్దాయన సొరుగు మీద దాని నంబరు కూడా ఉంటుంది, నాకు నమ్మకం.

ఇంట్లోకి బల్బులు కొనేవాళ్లకి. ఇక్కడ తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు కూడా పెడతారు, రకరకాల కంపెనీలవి. తెల్ల ఎల్ఈడీ అంటూ విడిగా ఏదీ లేదు, లోపల ఉన్నది 450 దగ్గరి నీలం చిప్పే, దాని మీద సీరియం కలిపిన పసుపు ఫాస్ఫరు (ఒక రంగు వెలుగుని పీల్చి ఇంకో రంగు ఇచ్చే పొడి) పూత, నీలంలో కొంత పసుపుగా మారి రెండూ కలిసి తెలుపనిపిస్తుంది. నిచియా 1996లో బజారులో పెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఇదే బల్బుని సీడీలో చూడండి. పదునైన నీలి చార, దాని పక్కన 480 దగ్గర చీకటి సందు, తర్వాత పచ్చ నుంచి ఎరుపు దాకా వెడల్పాటి పట్టీ. నాసిరకం కూల్ వైట్‌లో ఎరుపు వైపు పట్టీ త్వరగా సన్నబడిపోతుంది, అలాంటి బల్బు కింద మెరూన్ పట్టుచీర గోధుమ రంగులా కనపడుతుంది, వంటింట్లో కూర రంగు కూడా చచ్చిపోతుంది. సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె, వందకి) 90 అని పెట్టె మీద ఉన్నది ఒక పాతిక ముప్పై రూపాయలు ఎక్కువైనా తీసుకోండి, కనీసం వంటింటికి, అద్దం ఉన్న గదికి. ఇక్కడ రెండూ పక్కపక్కన హోల్డర్లలో పెట్టి చూపిస్తారు, మీ చెయ్యి కింద పెట్టి చూసుకోండి, ఏ బల్బు కింద మీ చర్మం మనిషి రంగులో ఉందో అదే కొనండి.

లేజర్ల దగ్గర కొంచెం జాగ్రత్త. ఎర్ర 650 మాడ్యూళ్లు బాగున్నాయి, పాత డీవీడీ ప్లేయర్లలో ఉండే జాతే, అల్యూమినియం గాలియం ఇండియం ఫాస్ఫైడ్ క్వాంటం వెల్స్. సన్నని చీలిక ప్రయోగాలకి, గ్రేటింగు ప్రయోగాలకి సరిగ్గా సరిపోతాయి. పచ్చ లేజర్ పాయింటర్లు మాత్రం నేను కొనను, పిల్లల్ని కొననివ్వను. చౌక పచ్చ పాయింటర్లో పచ్చ వెలుగుని పుట్టించే డయోడే ఉండదు. 808 ఇన్‌ఫ్రారెడ్ డయోడు ఒక నియోడిమియం స్ఫటికాన్ని రెచ్చగొడుతుంది, అది 1064 ఇస్తుంది, ఇంకో స్ఫటికం దాన్ని సగానికి మడిచి 532 చేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ ఆపే ఫిల్టరు పెట్టకుండా వదిలేసిన సరుకు బజారులో బోలెడు, కనపడని కిరణాలు బయటికొచ్చి కంటి రెటీనాని కాల్చేస్తాయి, కనపడదు కాబట్టి రెప్ప కూడా మూసుకోదు. పచ్చే కావాలంటే 520 అని రాసున్న డైరెక్ట్ డయోడు మాడ్యూలు అడగండి, అది నైట్రైడ్ పొరలతో నేరుగా పచ్చ ఇస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ బెడద లేదు, ధర మాత్రం ఎక్కువే. ఏ లేజరైనా మిల్లీవాట్లు తక్కువున్నదే తీసుకోండి, స్టిక్కరు మీద అంకెని గుడ్డిగా నమ్మకండి. రేణిగుంట వైపు ఉండేవాళ్లు విమానాల వైపు ఎత్తకండి, పైలట్లకి అది ప్రాణం మీదికొచ్చే సంగతి.

అల్ట్రావయొలెట్ టార్చిల్లో ఇంకో మోసం నడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 365 అని రాసున్న టార్చి తెప్పిస్తే వచ్చింది 395, వెలిగించగానే వంగపండు రంగులో గది నిండిపోయింది. నిజమైన 365 అలా వెలగదు, అది గాలియం నైట్రైడ్ గ్యాప్‌కి దాదాపు అంచున ఉన్న వెలుగు, నల్ల ఫిల్టరు గాజు ఉంటే కంటికి మసకగా ఉంటుందంతే, ఎదురుగా ఉన్న తెల్ల చొక్కా మాత్రం భగ్గుమంటుంది. ఈ అంగడిలో 365 అసలైనదే దొరుకుతుంది, కానీ ఎప్పుడూ ఉండదు, ముందు చెప్తే తెప్పిస్తారు. ధర 395 కన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే ఇండియం తగ్గే కొద్దీ లోపాలున్న స్ఫటికంలో వెలుగు నిలబెట్టడం కష్టం. చిటికెడు పసుపుని శానిటైజర్లో కలిపి, తేరిన ద్రవం మీద ఈ వెలుగు వేసి చూపించడానికైతే 395 చాలు, డబ్బు తగలేయక్కర్లేదు. ఏది వాడినా కళ్లలోకి కొట్టుకోవద్దు.

బాగాలేనివి కూడా చెప్పాలి. మధ్యాహ్నం భోజనానికి షట్టరు దించితే ఎప్పుడు తీస్తారో చెప్పలేం, బస్సుకి టైము చూసుకుని వచ్చేవాళ్లకి అది పెద్ద టెన్షన్. బిల్లు అడిగితేనే రాస్తారు, కాలేజీ ఖాతాకి కొనేవాళ్లు ముందే గట్టిగా అడిగి తీసుకోండి. పెద్దాయన లేనప్పుడు కౌంటరు దగ్గర ఉండే కుర్రాడు మంచివాడే, కానీ 590, 605 సొరుగులు కలిపేస్తాడు, సీడీలో చూసుకుని కానీ కదలకండి. ఇంకొకటి, నీలం, పచ్చ నైట్రైడ్ ఎల్ఈడీలు స్టాటిక్ కరెంటుకి తొందరగా దెబ్బతింటాయి, వాటిని మామూలు ప్లాస్టిక్ కవర్లలో పోసి ఇస్తున్నారు. గులాబీ రంగు యాంటీస్టాటిక్ కవరు తీసుకెళ్తే అందులో వేసిస్తారు, లేదంటే ఇంటి నుంచి అల్యూమినియం ఫాయిల్ ముక్క తీసుకెళ్లి కాళ్లు అందులో గుచ్చుకోండి. బండి పెట్టడానికి సందులో చోటు లేదు, బయట రోడ్డు మీద పెట్టి నడిచి రావాలి, బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ వైపు రావాలనే అనుకోకండి.

ధరల సంగతి. ఐదు మిల్లీమీటర్ల ఎల్ఈడీలు రంగుని బట్టి రెండు నుంచి ఐదు రూపాయలు, వంద తీసుకుంటే తగ్గిస్తారు. 405, 365 అంత చౌక కావు. గ్రేటింగు ఫిల్ము చిన్న ముక్కలుగా కోసి కూడా ఇస్తారు, సీడీ కన్నా అది చాలా నయం, ల్యాబులో తరగతికి ఒకటి ఉంచుకోండి. 780 లేజర్ డయోడ్లు పాత సీడీ ప్లేయర్ల నుంచి ఊడదీసినవి ఒక డబ్బాలో ఉంటాయి, పనిచేస్తాయో లేదో హామీ ఇవ్వరు, ఫోన్ కెమెరాలో చూసి తీసుకోండి, నేరుగా కంటితో వద్దు. వచ్చే సెమిస్టరుకి మాకు 850, 940 కావాలని చెప్పి వచ్చాను, 850 వస్తుంది, 940కి కొంచెం ఆగమన్నారు.